కోవూరు ఇంట్లో పెన్నా బొమ్మిడాయి: పది నెలల ప్రాజెక్టు డైరీ

బొమ్మిడాయి అనగానే మా నెల్లూరోళ్ళకి ముందు గుర్తొచ్చేది పులుసే. బూడిద పూసి, ఒంటి మీద జిగురంతా పోయేదాకా రాయి మీద రుద్ది, మామిడికాయ ముక్కలేసి మా అమ్మ చేసే పులుసు తింటూనే నేనూ పెరిగాను. అది బతికున్నప్పుడు ఎలా కదులుతుందో, ఏం తింటుందో, పగలంతా ఎక్కడ దాక్కుంటుందో మాత్రం ముప్పై ఏళ్ళు దాటేదాకా నాకు తెలీదు.

2021 నవంబరులో పెన్నాకి పెద్ద వరద వచ్చింది కదా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే కూడా తెగిపోయిన వరద. మా వీధిలోకీ నీళ్ళొచ్చాయి. తీశాక ఇంటి వెనక గుంటలో మూరెడు బొమ్మిడాయి ఒకటి కనపడింది. దాన్ని కొయ్యడానికి మనసు రాలేదు. రొయ్యల సీడు తెచ్చే టబ్బులో బోరు నీళ్ళు పోసి అందులో వేసి, పైన ఏమీ కప్పకుండా పడుకున్నాను. తెల్లారి చూస్తే టబ్బుకి అయిదారడుగుల దూరంలో గోడ మూల ఎండిపోయి పడుంది. వరదలో అన్ని మైళ్ళు కొట్టుకొచ్చి బతికిన చేప నా టబ్బులో ఒక్క రాత్రి బతకలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. ఈసారంటూ పెంచితే అన్నీ తెలుసుకుని సరిగ్గా పెంచాలి అనుకున్నాను, దానికి రెండేళ్ళు పట్టింది.

నేను పనిచేసేది రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో. డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ (నీళ్ళ పులుపు, క్షారం కొలత), అమ్మోనియా రోజూ చూసే పని. ఆ అలవాటే ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది.

సెప్టెంబరు మొదటి వారం: ముందు చేప గురించి

తొట్టి కొనక ముందు చేప ఎంత పెరుగుతుందో తెలుసుకోవాలి. పెద్ద రకం బొమ్మిడాయి శాస్త్రీయ నామం మాస్టసెంబెలస్ ఆర్మేటస్, 90 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. తొట్టెల్లో అంత రావడం తక్కువే గానీ అడుగున్నర, రెండడుగులు మామూలే. చూడ్డానికి పాములా ఉన్నా ఈల్ జాతి కాదు, వేరే కుటుంబం. వీపు పొడవునా ముప్పైకి పైగా చిన్న చిన్న ముళ్ళు ఉంటాయి, మామూలుగా మడుచుకుని ఉండి, పట్టుకుంటే లేస్తాయి. బజార్లో చిన్న రకం కూడా బొమ్మిడాయి పేరుతోనే అమ్ముతారు. తేడా తోక దగ్గర తెలుస్తుంది: పెద్ద రకానికి వీపు రెక్క, కింది రెక్క తోకతో కలిసిపోయి ఒకటే అంచులా ఉంటాయి, చిన్న రకానికి తోక రెక్క విడిగా విసనకర్రలా కనపడుతుంది.

నెల్లూరులో ఒక అక్వేరియం షాపులో అడిగితే "బొమ్మిడాయి అడుగుకి మించి పెరగదు, మూడడుగుల తొట్టి చాలు" అన్నారు. అదే షాపులో జానెడు రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లల్ని కూడా అమ్ముతున్నారు. అది అమెజాన్ నదిలో మీటరు దాటి పెరిగే చేప. కొన్నవాళ్ళు ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉంచలేక ఏ చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు. సక్కర్ ఫిష్ మన నదుల్లోకి వచ్చింది కూడా ఇలాంటి చేతుల వల్లే. ఇంట్లో పెద్ద నదిచేప కావాలనుకుంటే మన నది చేపని తెచ్చుకోమంటాను, అదీ అది పూర్తిగా పెరిగినా సరిపోయే చోటు ఉంటేనే.

సెప్టెంబరు 17: తొట్టి

అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా పోస్తే 560 లీటర్ల పైచిలుకు. గాజు 12 మిల్లీమీటర్లది వేయించాను. అద్దాల షాపువాళ్ళు 8 చాలన్నారు, రెండడుగుల నీటి ఒత్తిడికి నేను ఒప్పుకోలేదు. స్టాండు స్క్వేర్ పైపుతో వెల్డింగ్ చేయించి, పైన ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ షీటు పరిచాను. నీళ్ళు, ఇసుక, గాజు కలిపితే ఏడు వందల కిలోలు దాటుతుంది. అందుకే మేడ మీద గది కాకుండా కింద హాల్లో, గోడ వారగా పెట్టాను. దివాన్ పక్కకి జరపాల్సి వచ్చింది. "చేప కోసం దివాన్ జరపడమేందిరా" అంది అమ్మ, కానీ జరిపేటప్పుడు రెండో కొస తనే పట్టుకుంది.

సెప్టెంబరు 24: ఇసుక

ఇక్కడ తప్పు చేశాను, ఎవరూ చెయ్యకుండా వివరంగా రాస్తున్నాను. ఇంటి పక్కన కట్టుబడి కోసం తోలిన పెన్నా ఇసుక ఉంది, పెన్నా చేపకి పెన్నా ఇసుకే మంచిదని ఒకే ఒక్కసారి జల్లించి నాలుగు అంగుళాల మందాన వేసేశాను. చేతికి మెత్తగానే తగిలింది. కానీ బొమ్మిడాయి ఇసుకలోకి తల దూర్చి, ఒళ్ళంతా మెలికలు తిప్పుకుంటూ దిగుతుంది. దాని పొలుసులు కంటికి కనపడనంత చిన్నవి, ఒంటికి ఆ జిగురే కాపలా. ముతక ఇసుక ఆ జిగురుని గీకేస్తుంది. ఆ ఫలితం తర్వాత చూశాను, అక్కడే రాస్తాను. రోబో శాండ్ అయితే అసలే వద్దు, రాయిని పగలగొట్టి చేసింది కాబట్టి అంచులు పదును.

సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 30: చేప లేని తొట్టి

అయిదు వారాలు ఖాళీ తొట్టిలో నీళ్ళు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చినోళ్ళంతా "చేపలేవి?" అనేవాళ్ళు. చేప వదిలే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మార్చాలి. మొదటి రెండూ విషం, మూడోది నీళ్ళు మారుస్తూ ఉంటే భరించగలిగేది. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడక ముందే చేపని వేస్తే తన మురికిలో తనే ఉడుకుతుంది. గుంటల్లో రొయ్యల పెంపకం మొదలెట్టే ముందు రైతు నీళ్ళు తయారుచేసుకున్నట్టే ఇది కూడా.

ఫిల్టర్ ఇంట్లోనే చేశాను: తొట్టి పైన పొడవాటి ప్లాస్టిక్ పెట్టె, అందులో స్పాంజి, పాత్రలు తోమే పీచు ప్యాడ్లు, కింద నుంచి రెండు పంపులు నీళ్ళు ఎక్కించి పైనుంచి జారుస్తాయి. నదిచేప కాబట్టి ఒక పంపు నీళ్ళని పొడవునా తోసేలా పెట్టాను, ఇంకో మూల నీళ్ళు నిమ్మళంగా ఉండేలా వదిలాను. అమ్మోనియా కోసం చిటికెడు రొయ్యల మేత వేసి కుళ్ళనిచ్చాను. రొయ్యల మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ ప్యాకెట్ ఒకటి కూడా వేసి చూశాను, పెద్ద తేడా ఏమీ కనపడలేదు. స్నేహితుడి పాత అక్వేరియం నుంచి, ఆ బ్యాక్టీరియా పట్టి ఉన్న మురికి స్పాంజి పిండి పోసినప్పుడే పని కదిలింది. ఉప్పునీటి గుంట నుంచి మాత్రం ఏదీ తేలేదు, అక్కడి బ్యాక్టీరియా మంచినీళ్ళలో నిలవదు, రోగాలు తెచ్చుకున్నట్టూ అవుతుంది.

తొమ్మిదో రోజు అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు). పదహారో రోజు నైట్రైట్ మొదలైంది. ముప్పై నాలుగో రోజు రెండూ సున్నా.

నవంబరు 5: చేప వచ్చింది

పెన్నా ఒడ్డున ఉన్న సంగం వెళ్ళాను. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యాక అక్కడ నీళ్ళు నిలబడుతున్నాయి, పొద్దున్నే చేపలు పట్టేవాళ్ళు ఒడ్డున ఉంటారు. గాలంతో పట్టింది వద్దు, నోరు చిరిగి ఉంటుంది, వలలో పడిందే కావాలని ముందురోజే ఒక పెద్దాయనకి చెప్పి పెట్టాను. ఆయన తట్టలో తడి గోనె కింద రెండు ఉంచాడు. నేను చిన్నదే తీసుకున్నాను, 23 సెంటీమీటర్లు.

"పులుసుకి పెద్దది తీసుకోవాల గదా అబ్బయ్యా."

"పులుసుకి కాదన్నా, పెంచుకోడానికి."

ఆయన కాసేపు నా మొహం చూసి, చేప మీద మళ్ళీ నీళ్ళు చల్లి, "అయితే పగలు దానికి వెలుతురు పెట్టబాక, చీకట్లో తిరిగేది అది" అన్నాడు. రాసుకున్న వాటన్నిటిలో నాకు ఎక్కువ పనికొచ్చిన మాట అది.

మూత ఉన్న డ్రమ్ములో నది నీళ్ళతోనే తెచ్చి, బ్యాటరీ గాలిపంపు పెట్టి, ఇంటికొచ్చాక గంటన్నరసేపు తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి, నది నీళ్ళు లోపలికి పోకుండా చేపని మాత్రం దించాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి హేచరీల్లో వాడే సోడియం థయోసల్ఫేట్ వేశాకే ఆ నీళ్ళు వాడుతున్నాను. దించిన నిమిషంలో ఇసుకలోకి దిగిపోయింది. ఆ రోజంతా మళ్ళీ కనపడలేదు.

నవంబరు 6 నుంచి 16: తినలేదు

పదకొండు రోజులు ముట్టలేదు. రొయ్య ముక్క, చేప ముక్క, మేత బిళ్ళ, ఏది వేసినా పొద్దున్నకి అలాగే ఉండేది, తీసి పారెయ్యడం. నాకు టెన్షన్ పెరిగిపోయింది, రోజూ అమ్మోనియా చూసేవాణ్ణి, సున్నానే. నీళ్ళలో తప్పు లేదు. తప్పు వెలుతురులో ఉంది. పెద్దాయన చెప్పిన మాట గుర్తున్నా, ఇంట్లో టీవీ, ట్యూబులైటు రాత్రి పదకొండుదాకా వెలుగుతూనే ఉన్నాయి.

నవంబరు 17: తిన్నది

ఆ రాత్రి లైట్లన్నీ ఆర్పి, తొట్టి మూడు వైపులా నల్ల గుడ్డ కట్టి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి కింద కూర్చున్నాను. ఇసుక మీద రెండున్నర అంగుళాల పీవీసీ పైపు ముక్క అప్పటికే పెట్టి ఉంచాను. మా మేనమామ వాళ్ళ గొడ్లపాక వెనక పేడదిబ్బలో తవ్వి తెచ్చిన ఎర్రల్లో (వానపాముల్లో) ఒకటి పైపు ముందు వదిలాను. మందు కొట్టిన పొలం గట్టువి వద్దు, అలాంటి ఎర్రతో చేపని మనమే చంపుకున్నట్టు. తెచ్చినవాటిని కడిగి, ఒక రాత్రి తడి గుడ్డలో ఉంచితే కడుపులో మట్టి వదిలేస్తాయి.

పావుగంట ఏమీ లేదు. తర్వాత పైపులోంచి ముక్కు ఒక్కటే వచ్చింది. దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది ఆ ముక్కు కొస ఎంత విచిత్రంగా ఉంటుందో: మెత్తగా మూడు పాయలు, రెండు పక్కలా సన్నటి గొట్టాల్లాంటి ముక్కు రంధ్రాలు, మధ్యలో కండ. ఆ కొసని ఇటు అటు వేలిలా తిప్పుతూ ఇసుకని తడుముతుంది. కళ్ళు చాలా చిన్నవి, వాటి పని తక్కువే అనిపించింది. ఎర్ర కదిలినచోట ముక్కు ఆగింది. ఒక్క క్షణం అలాగే ఉండి, నోరు తెరిచి, సేమ్యా పోగు పీల్చినట్టు ఒక్క లాగు. కొస నోట్లోంచి వేలాడుతుంటే రెండో లాగుకి అదీ లోపలికి పోయింది. ఆ తర్వాత తల పక్కకి వాల్చి, ఒంటి మీద గోధుమరంగు గీతలు అలలా కదిలేలా ఒక చుట్టు తిరిగి పైపులోకి వెనక్కే వెళ్ళింది. వెనక్కి కూడా అంతే సులువుగా ఈదుతుంది.

ఇంకో రెండు ఎర్రలు వేశాను, రెండూ తిన్నది. రాత్రి ఒంటిగంటకి అమ్మని లేపి చెప్పాను.

డిసెంబరు 3: గాయం

పొట్ట పక్కన వేలిగోరంత చోట తోలు గీసుకుపోయి, అంచున తెల్లగా దూది పింజ లాంటిది కనపడింది. ఇసుక పని అది. ల్యాబులో పనిచేసేవాడిగా చెయ్యి వెంటనే మందుల వైపు పోతుంది, కానీ పొలుసులు సరిగ్గా లేని ఇలాంటి చేపలు రాగి మందులకి, బూజుకి వాడే మాలకైట్ గ్రీన్‌కి తట్టుకోలేవు. అందుకని మందు ఏదీ వెయ్యలేదు. చేపని పాత టబ్బులో, ఈసారి మెష్ కట్టి, మూత బిగించి ఉంచి, ఇసుక మొత్తం ఎత్తి పోసి, సన్నటి జల్లెడతో మూడుసార్లు జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పది పన్నెండు బకెట్లతో కడిగి మళ్ళీ వేశాను. ఆదివారం పొద్దున మొదలెడితే రాత్రి తొమ్మిదైంది, నడుము పట్టేసింది. తర్వాత మూడు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మార్చుకుంటూ పోయాను. పద్దెనిమిది రోజులకి తెల్లది పోయి, తోలు నల్లగా మూసుకుంది.

జనవరి 19: మూత

రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ళ కోసం లేస్తే తొట్టి వెనక నేల మీద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. బొమ్మిడాయి. ఒళ్ళంతా దుమ్ము, ఒక వైపు జిగురు మీద చీపురు పుల్ల అంటుకుని ఉంది. ఫిల్టర్ పైపు కోసం మూతలో కోసిన రంధ్రం పైపు కంటే అంగుళంన్నర ఎక్కువ ఉంది, ముక్కు పట్టిన చోట ఒళ్ళంతా పట్టించేస్తుందది. మూత మీద రెండు ఇటుకలు పెట్టానన్న ధైర్యంతో ఆ సందుని వదిలేశాను. టబ్బులో చచ్చిపోయిన చేప కళ్ళముందు కనపడింది.

తువ్వాలు తడిపి పట్టుకున్నాను. ఉట్టి చేతులతో పట్టుకోకూడదు, అది వెనక్కి తోసుకునేటప్పుడు ముళ్ళు లేచి కోస్తాయి. తువ్వాలులోంచి కూడా బొటనవేలికి రెండు గుచ్చుకున్నాయి. నీళ్ళలో వేశాక పది నిమిషాలు పక్కకి ఒరిగి ఉంది, మూతి మాత్రం కదులుతోంది. గాలిరాళ్ళు రెండూ పూర్తిగా తిప్పి అక్కడే కూర్చున్నాను. ఆరింటికి నిటారుగా అయింది, ఎనిమిదికి ఇసుకలోకి దిగింది. ఆ రోజు ల్యాబుకి సెలవు పెట్టాను.

మర్నాడే మూత మొత్తం మార్చాను. పైపు చుట్టూ స్పాంజి కుక్కి, పైన మెష్ బిగించి, వైరు పోయేచోట కూడా చిటికెన వేలు పట్టనంత సందు మాత్రమే వదిలాను. పంపుల నోటికి కూడా స్పాంజి తొడిగాను, ముక్కు అక్కడా పెడుతోంది.

ఫిబ్రవరి, మార్చి

పెద్దగా రాయాల్సింది లేదు. వారానికి మూడు రాత్రులు మేత, వారానికోసారి పావు వంతు నీళ్ళు. ఎర్రలతో పాటు తొక్క తీసిన రొయ్య ముక్కకి మెల్లగా అలవాటు పడింది, మొదట ఎర్రని ముక్కకి చుట్టి ఇచ్చాను. తోడుగా ఉంటాయని ఆరు పరిగెల్ని వదిలితే నాలుగు రాత్రుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇంక దాని తొట్టి దానిదే.

మే 14: ఎండ

రోహిణీ కార్తె ఇంకా రానేలేదు, బయట 42 దాటిందని ఫోను చూపిస్తోంది. తొట్టి నీళ్ళు 33. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పట్టేది, 33 దగ్గర ఏడుకి కొంచెం పైనే ఆగుతుంది, అదే సమయంలో చేపకి ఊపిరి అవసరం పెరుగుతుంది. పైగా వేడిలో అమ్మోనియా విషం కూడా ఎక్కువ. అందుకని మేత సగం చేశాను, మూత మెష్ మీదుగా టేబుల్ ఫ్యాన్ తిప్పాను. నీళ్ళు ఆవిరై 30కి దిగింది, కానీ రోజుకి ఒక బిందెడు తగ్గుతోంది, మళ్ళీ పోసుకోవాలి. కొంతమంది ఐసు ముక్కలు వేస్తారు, అలా ఒక్కసారిగా చల్లబడితే చేపకి దెబ్బ. కరెంటు పోతే గాలిపంపు ఆగకుండా ఇన్వర్టర్‌కి కలిపాను, గుంటల మీద ఏరేటర్లు ఆగిన రాత్రి రైతు పడే కంగారు నాకు బాగా తెలుసు.

ఈ వేడికి చేప పగలు కూడా పైపులోంచి బయటికొచ్చి, నీళ్ళు పడేచోట ముక్కు పైకెత్తి ఉంటోంది. మా అమ్మ మధ్యాహ్నం భోజనం అక్కడే కూర్చుని చేస్తోంది, దాన్ని చూస్తూ.

జులై 8

గాజు మీద స్కెచ్ పెన్నుతో పెట్టే గీతలు ఇప్పటికి ఆరు. 23 దగ్గర మొదలైంది, ఇవాళ 36 సెంటీమీటర్లు. ఒళ్ళు కూడా లావెక్కింది, రెండున్నర అంగుళాల పైపులో తిరగడానికి ఇబ్బంది పడుతుంటే నాలుగు అంగుళాలది పెట్టాను, కోసిన అంచులు ఉప్పుకాగితంతో రుద్ది. ఆ పాత గాయం చోట చిన్న నల్ల మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు మేత వేళకి నా అడుగు చప్పుడుకే ముక్కు బయట పెడుతోంది, పట్టకారుతో ఇస్తే అందుకుంటోంది. ఎర్రల డబ్బా అమ్మ చేతికి మారింది. తనే వాటిని కడిగి, గుడ్డలో చుట్టి పెడుతోంది. పులుసు మాత్రం కొర్రమీనుతోనో, శీలావతితోనో చేస్తోంది. నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇదే లెక్కన పెరిగితే వచ్చే ఏడాదికి అయిదడుగుల తొట్టి ఇరుకవుతుంది. దివాన్ పూర్తిగా తీసేస్తే ఆ గోడకి ఏడడుగులది, రెండున్నర అడుగుల వెడల్పుతో పడుతుంది. నిన్న సాయంత్రం అమ్మా నేనూ టేపు పట్టి కొలిచాం, ఇవాళ అద్దాల షాపులో కొలతలు ఇచ్చొచ్చాను. మూతకి రంధ్రాలు మాత్రం పైపు తెచ్చి నేను దగ్గరుండి చూపించేదాకా కొయ్యొద్దని రెండుసార్లు చెప్పాను.